చాయ్ గ్లాసుల దారి

"నీలం! మామయ్యా, నీలంగానే ఉంది!"

పెరట్లో బట్టలుతికే బండ పక్కన కూర్చుని, గాజు పరీక్షనాళికని ఎండకేసి ఎత్తిపట్టి నిర్మలాదేవి అరిచిన అరుపుకి, భర్త వెంకటరామారావు వేపపుల్ల నోట్లో ఉంచుకునే పరుగెత్తుకొచ్చాడు. అత్తగారు పున్నమ్మ మజ్జిగ కవ్వం వదిలేసి వచ్చింది. మామగారు పిచ్చయ్య మాత్రం పెరటి అరుగు మీంచి లేవలేదు. కండువాతో మొహం తుడుచుకుని, "సరిగ్గా చూశావా తల్లీ?" అన్నాడు.

సరిగ్గానే చూసింది. ఖమ్మంలో బీయెస్సీ చదివింది మరి. నీలం ద్రావణంలో మూత్రపు చుక్కలు వేసి స్పిరిట్ దీపం మీద కాస్తే, చక్కెర లేనప్పుడు ఆ నీలం అలాగే ఉంటుంది. కొంచెముంటే ఆకుపచ్చకి తిరుగుతుంది. బాగా ఉంటే ఇటుక రంగు. "మా ఆవిడ పెరట్లో ఇటుకల బట్టీ పెట్టింది" అని వెంకటరామారావు అప్పటిదాకా ఏడిపిస్తూనే ఉన్నాడు.

ఎనభై ఏడు నాటి ఆ వేసవిని తలుచుకుంటే నిర్మలకి ఇప్పటికీ ఇప్పపూల వాసన వస్తుంది.

ఆ ఏడు మాఘమాసంలోనే ఆమె దమ్మపేటకి కాపురానికొచ్చింది. కాళ్ల పారాణి ఆరకముందే మామగారికి అరికాళ్ల మంటలు, ఆగని దాహం. చూపిస్తే డాక్టరు షుగరన్నాడు. తిండి మార్చుకుని రోజూ నడిస్తే మాత్రలతో గడవొచ్చు, తగ్గకపోతే సూది తప్పదన్నాడు. ఇంటికి రాగానే పిచ్చయ్య అందరి చేతా ఒట్టేయించుకున్నాడు.

"ఈ మాట గడప దాటకూడదు. షుగరని తెలిస్తే ఇక నన్నెవరూ గుమ్మంలోకి రమ్మనరు."

ఆయన భయపడింది సూదికి కాదు. పొలాల కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడాయన. చుట్టమంటూ లేని ఊళ్లో తొలిరోజుల్లో పిలిచి కూర్చోబెట్టినవి ఆ గుమ్మాలే. ఒక్కటి మూసుకుపోయినా తట్టుకోలేడు.

రంగు చూసే సామానంతా వెంకటరామారావు ఖమ్మం నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని, తన చొక్కాలో చుట్టి తెచ్చాడు. పెళ్లయ్యాక అతను తెచ్చిన మొదటి కానుక అదే. అప్పుడే కొన్న గాజుల్ని చూసుకున్నట్టు ఆ నాళికల్ని తిప్పి తిప్పి చూసుకుని మురిసిపోయింది నిర్మల.

రాత్రి అన్నం పోయి జొన్నరొట్టె వచ్చింది. కూర పెరిగింది, ముద్దపప్పులో నెయ్యి తగ్గింది. పిచ్చయ్య నోరెత్తకుండా తిన్నాడు. తెల్లారగానే పెళ్లికొడుకులా తయారై, చేతికర్ర ఊపుకుంటూ నడకకి వెళ్లొచ్చేవాడు. అయినా నాళికలో మాత్రం ఇటుకే.

"నీ గొట్టంలోనే ఏదో ఉందే అమ్మాయ్! మీ కాలేజీ నీళ్లకి ఎర్రబడటమే అలవాటేమో" అంది పున్నమ్మ.

ఒకరోజు ఆయన వేసుకోవలసిన మాత్ర మర్చిపోయి వెళితే, అది పట్టుకుని నిర్మల వెనకే పరుగెత్తింది. దర్జీ మహబూబ్ అలీ ఇంటి ముందు బల్ల మీద కనబడ్డాడు మామగారు. చేతిలో పొగలు కక్కే చాయ్ గ్లాసు.

"గింత దూరం ఉరికొచ్చినవా బిడ్డా! కూసో, నీకు గూడ పోస్త" అంది అలీ భార్య జహీరా. "మీ మామ ఇప్పటికే రెండిండ్ల తాగొచ్చిండట. అయినా మా చాయ్ తాగంది కదలడు. పొద్దుగాల నడిసే మనిషాయె, శక్కెర జర ఎక్కువేస్త!"

బెల్లం దొంగిలించి దొరికిపోయిన పిల్లాడిలా చూశాడు పిచ్చయ్య. నిర్మల మాత్రని పిడికిట్లో దాచేసి, "అత్తయ్య పిలుస్తున్నారు మామయ్యా" అంది.

దారిలో ఆయనే అన్నాడు. "వద్దంటే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి కదా తల్లీ. చాయ్ తాగనివాణ్ని ఇక ఎవరు పిలిచి కూర్చోబెడతారు?"

"అయితే చాయ్ దొరకని దారి చూద్దాం."

ఊరి అవతల అడవి దారి అలా మొదలైంది. కొత్త కోడలు మామతో రోడ్డెక్కితే నలుగురూ నవ్వుతారని పున్నమ్మ కూడా చెప్పులేసుకుంది. "ఇంట్లో నేనొక్కణ్నీ ఎవరి మొహం చూస్తూ కూర్చోను?" అని వెంకటరామారావూ బయల్దేరాడు. రాత్రి రాలిన ఇప్పపూలని కోయ ఆడవాళ్లు గంపల్లోకి ఏరుకుంటుండేవారు. పెద్దవాళ్లిద్దరూ మలుపు తిరగ్గానే అతను ఒక పువ్వు నిర్మల అరచేతిలో పెట్టి, తనేమీ ఎరగనట్టు ముందుకు నడిచేవాడు. రోజులు గడిచేకొద్దీ నాళికలో ఇటుక పసుపైంది, పసుపు ఆకుపచ్చైంది. చివరికి ఆ పొద్దున నీలం.

ఆ సంబరంలో ఉండగానే పెరటి తడిక అవతల నుంచి దగ్గు వినబడింది. మహబూబ్ అలీ. లోపలికి రాలేదు, నిలబడే అడిగాడు.

"ఏం పిచ్చయ్య బావా, మా గల్లి మొకమే జూస్తలేవు? నేను కుట్టిన బనీను గిట్ట బిగుతైందా?"

"అదేం లేదు అలీ..."

"మరేంది? మా ఇంట్లామె రోజు నీ గిలాసు కడిగి పెడ్తాంది. నువ్వేమో చుట్టు తిరిగి అడవిల వడి పోతున్నవట. ఏం తప్పు జేసినమో చెప్పు, ఇని పోత."

పిచ్చయ్య అరుగు అంచుకి జరిగాడు. దాచుకుంటే గుమ్మాలు నిలుస్తాయనుకున్నాడు. దాచుకోబట్టే అన్నిటికన్నా దగ్గరి గుమ్మం మూసుకుపోతోంది. పున్నమ్మ ఏదో సర్దిచెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"షుగరు, అలీ. నాకు షుగరొచ్చింది. మీ చాయ్ తాగకూడదు. ఆ మాట చెప్పడానికి నోరు రాక దారి మార్చాను."

అలీ తడిక తోసుకుని లోపలికొచ్చాడు.

"గింతేనా? నా దోస్తే పోయిండనుకున్న గదయ్యా! శక్కెర లేకుంట పొయ్యమంటే జహీరా పొయ్యదా? చాయే వద్దంటే మంచినీళ్లిస్తది. నువ్వొచ్చి కూసుంటే మాకు సాలదా?"

పిచ్చయ్య కండువా మళ్లీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఈసారి తుడుచుకున్నది చెమట కాదు.

అలీ కాసేపు నిర్మల చేతిలోని నీలం రంగు కేసి చూశాడు. గొంతు తగ్గించాడు. "బిడ్డా, షుగరొస్తే ఊకె దూప అయితదా? రాత్రిళ్లు మాటిమాటికి లేస్తరా?"

"అవును బాబాయ్, దాహం ఆగదు. ఎందుకు?"

"నాకు గట్లనే అయితాంది. ఎవలకు చెప్పలే. జహీరాకు సుత."

పిచ్చయ్య అరుగు దిగి వచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు.

"అయితే రేపు పొద్దున నమాజు కాగానే సీసాలో పట్టుకుని ఇటే రా. కోడలు కాచి చూస్తుంది. ఏ రంగొచ్చినా సరే, అటునుంచి అటే నడకకి పోదాం. వచ్చేటప్పుడు మీ ఇంటి ముందు ఆగుదాం, జహీరాకి నేనే చెబుతాను."