పసుపు పోసిన బండి

జహీరాబాద్‌లో లారీ హీటర్ పనిచేయడం లేదని ఎవరితోనైనా చెప్పి చూడండి, నవ్వుతారు. మన ఎండలకు క్యాబినే ఒక పొయ్యి, దానికి మళ్లీ హీటర్ కూడానా అంటారు. అలా నవ్వేవాళ్లలో ఒక్కడూ జనవరిలో అల్లం లోడు ఎత్తుకొని ఢిల్లీ పోయినవాడు కాదు.

నేను పోయాను. ఆగ్రా దాటాక పొద్దుటి పొగమంచులో అద్దం లోపలివైపు తెల్లబడిపోతే, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకొని రెండో చేత్తో గుడ్డపెట్టి తుడుచుకుంటూ నడిపాను. హీటర్ మీట చివరిదాకా తిప్పాను. గాలి జోరుగానే వచ్చింది, వేడి మాత్రం లేదు. చల్లారిన చాయ్ మీది ఆవిరి అంతకన్నా నయం.

తిరిగొచ్చి మదనన్నకు చెప్పాను. మదన్‌మోహన్ మా బండి యజమాని. ఆయనకు మూడు లారీలున్నాయి. ఊరంతా ఆయన్ని సేట్ అంటుంది, నేనొక్కణ్ణే అన్నా అంటాను. ఆయన కూడా ఒకప్పుడు డ్రైవరే మరి. ఏళ్ల తరబడి ఒకే బండిని ఇద్దరం మార్చుకుంటూ నడిపాం, ఒకే గిన్నెలో కలుపుకొని తిన్నాం. షోలాపూర్ దగ్గర ఒకసారి రేకు దిగి నా అరికాలు చీరుకుపోయింది. అప్పుడు బండిలో దేవుడి పటం వెనక ఉండే పసుపు పొట్లం విప్పి గాయంలో అద్ది, తన భుజం మీది తువ్వాల చింపి కట్టింది మదనన్నే. తోడబుట్టినవాడు కూడా అంత చేయడనుకున్నాను. ఆనాటి నుంచి ఆయన మాట నాకు దాటరాని గీత.

ఆ పసుపు పొట్లం మా దగ్గర ప్రతి బండిలోనూ ఉంటుంది. మనిషికి తెగితే మనిషికి, రేడియేటర్ కారితే రేడియేటర్‌కు. నీళ్లలో కలిపి పోస్తే పసుపు వెళ్లి చిల్లు దగ్గర పేరుకొని కారడం ఆపుతుంది. పాత బండ్లలో ఇత్తడి రేడియేటర్లు, లావు గొట్టాలు ఉండేవి కాబట్టి ఆ వైద్యం నడిచింది. ఇప్పటి బండ్ల గొట్టాలు చూస్తే సేమియా గుర్తొస్తుంది.

"హీటర్ ఏం చేసుకుంటవ్‌రా సాయన్నా? పాపడాలు కాల్చుకుంటవా?" అన్నాడు మదనన్న.

నేనూ నవ్వాను. ఎద్దు పుండు కాకికి ముద్దా!

"అది కాదన్నా. అద్దం కనపడ్తలేదు. మంచుల ఎవరినన్న గుద్దితె ఎట్ల?"

"సరె తియ్. ముష్తాక్‌కు చూపియ్."

ముష్తాక్ షెడ్డు బైపాస్ మీద ఉంటుంది. మదనన్న మూడు బండ్లూ అక్కడికే వస్తాయి. నేను బండి పెట్టేసరికి మదనన్న కూడా అక్కడే బల్ల మీద కూర్చుని, చెన్నబసప్పతో చాయ్ తాగుతున్నాడు. చెన్నబసప్పది కోహీర్ రోడ్డులో గోదాము. ఆయనకూ లారీలున్నాయి. చుట్టూ నలుగురైదుగురు డ్రైవర్లున్నారు.

ముష్తాక్ ముందు నీళ్ల డబ్బా చూశాడు. నిండుగానే ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేయించి, వేడి చూపించే ముల్లు మధ్యకు వచ్చేదాకా నిలబడ్డాడు.

"ఇంజిన్ మంచిగనే వేడెక్కుతున్నది. మరి ఆ వేడి లోపలికెందుకు వస్తలేదు?" అని తనలో తనే అనుకుంటూ, క్యాబిన్ గోడలోకి దూరే రెండు రబ్బరు పైపుల్ని నాకు చూపించాడు. "జర ముట్టుకో సాయన్న భాయ్."

ఒకటి చెయ్యి కాలేలా ఉంది. రెండోది గోరువెచ్చగా ఉంది.

"నీళ్లు పోతున్నయ్, మళ్ల వస్తలేవు. లోపల బంద్ అయింది."

ఇంజిన్ చల్లారాక రెండు పైపులూ ఊడదీసి, ఒకదాంట్లో కుళాయి నీళ్లు వదిలాడు. రెండోవైపు నుంచి ఏమీ రాలేదు. నోటితో ఊదాడు, తట్టాడు, మళ్లీ నీళ్లు వదిలాడు. అప్పుడు చుక్క చుక్కగా పసుపుపచ్చటి బురద కారింది. ముష్తాక్ వేలితో తీసి వాసన చూశాడు.

"ఇది తుప్పు కాదు భాయ్. పసుపు. ఎవరు పోసిన్రు?"

నేను పోయలేదు. నా బండిలో నాకు తెలియకుండా ఎవడో చెయ్యి పెట్టాడనేసరికి నాకు ఒళ్లు మండింది. "ఏ అక్కల్ లేనోడు పోసిండో! వాని ఇంట్ల పీనుగెల్ల!" అని గట్టిగా తిట్టాను.

అప్పుడు గుర్తొచ్చింది. దసరా ముందు నాకు జ్వరమొచ్చి పడుకుంటే ఆ ఒక్క ట్రిప్పూ మదనన్నే నడిపాడు. రేడియేటర్ కారితే తనే బాగు చేసుకొచ్చానని గొప్పగా చెప్పాడు కూడా. తల తిప్పి చూశాను. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు.

చెన్నబసప్పకు నవ్వు ఆగలేదు. "మదన్ సేట్, బండిల పప్పు వండినవా? తాలింపు గూడ పెట్టకపోయినవ్!"

షెడ్డు షెడ్డంతా పగలబడి నవ్వింది. ముష్తాక్ మాత్రం నవ్వలేదు. "సేట్, హీటర్ గొట్టాలు అన్నిటికన్న సన్నగుంటయ్. అందుకే అది ముందు చెప్పింది. ఇప్పుడు రేడియేటర్ల గూడ గిదే పేరుకుంటున్నది. మొత్తం విప్పి కడగాలె. రెండు మూడు రోజులు బండి నిలవెట్టున్రి," అన్నాడు.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది ఇదే. చెన్నబసప్ప అక్కడ లేకపోయి ఉంటే మదనన్న సరే కడుగు అని ఉండేవాడని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ నవ్వు తర్వాత బండి విప్పడమంటే తన తప్పు ఒప్పుకోవడమే. మూడు లారీలున్న మగవాడు ఎక్కడైనా తప్పు ఒప్పుకుంటాడా?

"నా ఉస్తాద్ బతికినన్నాళ్లు పసుపే పోసిండు," అని లేచాడు మదనన్న. "పసుపు మంచి చేస్తది గాని చెడు చేస్తదా? పాడైంది హీటర్. ఆ రెండు పైపులు ఒకదానికొకటి కలిపెయ్. హీటర్ లేకుంట చేసెయ్."

"తప్పు హీటర్‌ది కాదు సేట్..."

"కలిపెయ్యమన్న గద!"

ముష్తాక్ నా వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు, కలిపేశాడు. కుక్క మొరుగుతోందని కుక్క మూతి కట్టేశారు. దొంగ సంగతి ఎవరికీ పట్టలేదు.

డ్రైవర్‌కు ఏ చెడ్డపేరు వచ్చినా కొన్నాళ్లకు పోతుంది. తాగుబోతన్నా, కోపిష్టన్నా, ఎవరో ఒకరు బండి ఇస్తారు. 'ఇంజిన్ తిన్నోడు' అన్న పేరు మాత్రం పోదు. నీళ్లు, నూనె చూసుకోక ఇంజిన్ చంపినవాడికి మా అడ్డాలో తాళం చెవి ఇచ్చేవాడు ఉండడు. మీసం రాకముందు స్టీరింగ్ పట్టిన నేను ఒక్క ఇంజిన్ పాడు చేయలేదు. నాకున్న ఆస్తి ఆ పేరొక్కటే. అందుకే మదనన్నను పక్కకు పిలిచాను.

"అన్నా, ఈ బండి నా చేతుల చస్తది. పేరు నాకొస్తది."

"నేనుండంగ నీకు పేరెట్ల వస్తదిరా?" అని భుజం తట్టాడు.

అన్న అన్నాడు, నమ్మాను.

హోలీ పోయాక ఎండలు ముదిరాయి. అల్లం లోడుతో పూణె దాటి ఘాట్ ఎక్కుతుంటే ముల్లు కదిలింది. మధ్య నుంచి పైకి, ఇంకా పైకి పోయింది. ఘాట్‌లో ఇంజిన్ మరిగితే పాత డ్రైవర్లు ఒక పని చేస్తారు. ఎంత ఎండైనా సరే హీటర్ పూర్తిగా తిప్పేస్తారు. ఇంజిన్ వేడి కొంత క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. మనిషి ఉడుకుతాడు, ఇంజిన్ బతుకుతుంది. నా చెయ్యి అలవాటుగా మీట మీదికి పోయింది, చివరిదాకా తిప్పాను. బయటి గాలే లోపలికి వచ్చింది. పైపులు కలిపేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

బండి పక్కకు తీసి ఫోన్ చేశాను.

"అన్నా, ముల్లు ఎర్రగీత మీదున్నది. బండి ఆపిన. ఇంక నడపొద్దు, మెకానిక్‌ను పిలుస్త."

"ఘాట్ల ఎవడొస్తడురా? అల్లం మురిగిపోతది. చల్లారినంక నీళ్లు పోసుకుంట మెల్లగ ఎక్కియ్. మనం ఎన్నిసార్లు ఎక్కియ్యలె గట్ల?"

"అప్పటి బండ్లు వేరన్నా. ఇంజిన్ పట్టేస్తది."

"పడితె పట్టనీ. జిమ్మేదారి నాది. ఏమైన నేను చూసుకుంట, చెప్తున్న గద!"

చాలాసేపు ఆగాను. గోనెసంచి అడ్డం పెట్టి రేడియేటర్ మూత వదులు చేశాను. ఆవిరి ఒక్కసారిగా ఎగదన్ని మణికట్టు నుంచి మోచేతిదాకా తోలు లేచిపోయింది. కళ్లల్లో నీళ్లు కారుతుండగానే రెండో చేత్తో నీళ్లు పోశాను. కొంత ఎక్కించాను, ఆపాను, మళ్లీ పోశాను. ఘాట్ తల కనిపిస్తుండగా రేకు మీద రాయి ఈడ్చినట్టు చప్పుడైంది. ఇంజిన్ పట్టేసింది, మళ్లీ తిరగలేదు.

అల్లం వేరే లారీకి ఎక్కించారు. మా బండిని ఇంకో బండికి కట్టి జహీరాబాద్ ఈడ్చుకొచ్చారు. ముష్తాక్ ఇంజిన్ విప్పిన రోజు షెడ్డు దగ్గర అందరూ చేరారు. చెన్నబసప్ప కూడా వచ్చాడు. నేను చేతికి కట్టు కట్టుకొని నిలబడ్డాను. విప్పిన రేడియేటర్ గోడకు ఆనించి ఉంది. దాని గొట్టాల్లో ఎండి బిగిసిన పసుపు నాకు కనబడుతూనే ఉంది.

"ఏమైంది ముష్తాక్? అందరికి చెప్పు," అన్నాడు మదనన్న.

ముష్తాక్ చేతులు గుడ్డతో చాలాసేపు తుడుచుకున్నాడు. "నీళ్లు తక్కువైనయ్ సేట్," అన్నాడు, తల ఎత్తకుండా.

అబద్ధం కాదు. నీళ్లు తక్కువైన మాట నిజమే. ఎందుకు మరిగిపోయాయని ఎవరూ అడగలేదు. ఆ మూడు బండ్లు రాకపోతే ముష్తాక్ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? అతని మీద నాకు కోపం రాలేదు, అసహ్యం వేసింది.

"నీళ్లు చూసుకోకుంటె గింతే మరి," అన్నాడు మదనన్న. ఆ మాట ఎటో చూస్తూ అన్నాడు, నా వైపు చూడలేదు. జిమ్మేదారి నాది అన్న మనిషి ఇప్పుడైనా నోరు విప్పుతాడేమోనని నేను పిచ్చివాడిలా చూస్తూ నిలబడ్డాను. సాయంత్రానికి అడ్డా అంతా పాకిపోయింది, సాయన్న ఇంజిన్ తిన్నాడని.

మర్నాడు చెన్నబసప్ప గోదాముకు పోయాను. పప్పు వండావా అని నవ్వింది ఆయనే కదా, నిజం తెలిసినవాడు కదా అని నా ఆశ. చాయ్ తెప్పించాడు. నడపడానికి తన లారీ ఒకటి ఇమ్మని నేను అడిగిందంతా విన్నాడు.

"నాకు తెల్వదా సాయన్నా? తప్పు మదన్‌దే," అన్నాడు. "గాని రేపు నా తప్పు గూడ నువ్ గట్లనే నలుగురిల తిడ్తె ఎట్ల? చాయ్ తాగు, చల్లారుతది."

తాగకుండా వచ్చేశాను. అంటే ఇంజిన్ తిన్నందుకు కొందరు బండి ఇవ్వరు, తిననందుకు ఇంకొందరు ఇవ్వరు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మదనన్న మా ఇంటికి వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం ఉంది. మా ఆవిడ బస్వమ్మ కుర్చీ వేసి, గడప దగ్గర నిలబడింది.

"చెయ్యి ఎట్లున్నది? కట్టు విప్పు, చూస్త," అని పక్కనే కూర్చున్నాడు. "దవాఖాన మందుల ఏముంటది? మంచి పసుపు తెచ్చిన, ఇంట్ల కొట్టించింది. జర కొబ్బరినూనె తే చెల్లే."

"పసుపంత మీ బండిలకే పోయిందనుకున్నం అన్నా," అంది బస్వమ్మ. అన్నదే గాని నూనె తెచ్చి ఇచ్చింది. వచ్చినవాడిని పొమ్మనడం ఆమెకు చేతకాదు.

మదనన్న అరచేతిలో పసుపు, నూనె కలిపి నా చేతికి రాయడం మొదలుపెట్టాడు. షోలాపూర్ దగ్గర రాసినట్టే, అంతే మెల్లగా. రాస్తూ అన్నాడు. "ఆ పసుపు ముచ్చట ఇంకెక్కడ ఎత్తకు సాయన్నా. నలుగురిల ఇజ్జత్ పోతది. కొన్ని దినాలు ఆగు, చూద్దాం."

నాకు బండి గురించి అడగబుద్ధి కాలేదు. అడగవలసింది ఒక్కటే ఉంది.

"అన్నా, ఇక్కడ ఎవరు లేరు. మనమే ఉన్నం. ఒక్క మాట చెప్పు. ఇంజిన్ నేను తిన్ననా?"

ఆయన తల ఎత్తలేదు. నూనె ఇంకొంచెం పోసుకున్నాడు.

"నొస్తున్నదా?" అన్నాడు.

"లేదు సేట్," అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. బస్వమ్మ నా మొహం వైపు చూసింది. కాసేపటికి ఆయన మళ్లీ పసుపు రాయడం మొదలుపెట్టాడు. చెయ్యి విపరీతంగా మండుతోంది, అయినా నేను వెనక్కి తీసుకోలేదు.