పటాలం మేక

తెల్ల పికప్ కనబడితే చాలు, మేకలకు ఒళ్లు తెలియదు. వాటికి బార్లీ మూటలు వచ్చేది తెల్ల పికప్‌లోనే. అందుకే ఆ ఉదయం ఎవరిదో తెల్ల బండి దుమ్ము రేపుకుంటూ పాక పక్కనుంచి పోగానే మంద మొత్తం దాని వెంట పడింది. అబ్దుల్ ఘనీ టీ గ్లాసు పారేసి అరుస్తూ పరుగెత్తాడు. ఎవరు వింటారు? కడుపు పిలుస్తుంటే కాపరి కేక ఏ మేకకు కావాలి?

బండి పోయి పోయి మట్టికట్టకున్న గండిలోంచి అవతలికి దూరింది. వెనకే మంద. ఘనీ గండి దగ్గరే బిగుసుకుపోయాడు.

సౌదీలో ఖఫ్జీ ఊరికి పడమరనున్న ఈ మందలో చేరిన మొదటిరోజే కఫీల్, అంటే పనికి పెట్టుకున్న యజమాని, ఆ కట్ట చూపించి చెప్పాడు. అవతల ఇసుకలో పాత యుద్ధం నాటి పేలని గుండ్లున్నాయి, ఒక ఒంటెకు కాలు పోయింది, అటు అడుగు పెట్టొద్దు అని. ఘనీ ఎన్నడూ పెట్టలేదు. ఇప్పుడు కఫీల్ ప్రాణంగా చూసుకునే నల్ల మేకపోతు, మెడలో గంట కొట్టుకుంటూ, అందరికంటే ముందు అక్కడే తిరుగుతోంది. దానికేమన్నా అయితే వచ్చే నెల ఊరికి పోయే ఛుట్టీ మీద ఆశ వదులుకోవాల్సిందే. రాయచోటిలో కూతురు నాజ్నీన్‌కు నాలుగేళ్లు నిండాయి. ఆ పిల్ల తండ్రిని ఫోన్లో తప్ప చూసి ఎరగదు.

ఘనీ కలిమా చదువుకుని టైరు గాడిలో పాదం పెట్టాడు. బండి బరువుకు పేలనిది నా బరువుకు పేలుతుందా అని తనకు తనే నచ్చజెప్పుకున్నాడు. మనసు నమ్మింది గానీ కాళ్లు నమ్మలేదు.

బండి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి ఉర్దూలో ఏదో అడగబోయి, ఘనీ నోట "యా అల్లా, నాయనా" విని మనూరి మాటలోకి దిగాడు.

"ఎవురన్నా నువ్వు? ఏమిటికట్ల తాడు మీద నడిచినట్ల వస్తాండావు?"

"గుండ్లుండాయి రా సామీ! దిగద్దండి. కాలు కింద పెట్టద్దండి!"

డ్రైవరు పేరు దిలావర్, ఊరు పీలేరు, దమ్మామ్‌లో బాడుగ బండి తోలుతాడు. పక్కన అరవైకి దగ్గరపడ్డ తెల్లదొర, పేరు మెరెడిత్. ఒక కాలు అప్పటికే బయటపెట్టిన దొర, దిలావర్ ఇంగ్లీషులో చెప్పిన మాట వినగానే దాన్ని లోపలికి లాక్కున్నాడు. కువైటు యుద్ధానికి ముందు ఆయన పటాలం ఇక్కడే కాల్పులు సాధన చేసిందట. ఇప్పుడు ఆ పటాలం చరిత్ర రాస్తున్నాడట. చోటు చూసి, గుర్తుగా ఏదైనా ఒక వస్తువు పట్టుకుపోదామని వచ్చాడు. గుండ్లన్నీ ఎప్పుడో ఏరేశారనుకున్నాడు మహానుభావుడు.

దొర నేల తగలకుండా కిటికీలోంచి వెనక తొట్టిలోకి పాకాడు. ఘనీని పైకి లాగాడు. బండి తిప్పడానికి లేదు, వచ్చిన గాడిలోనే వెనక్కి పోవాలి. దొర గాడి చూస్తూ కుడి, ఎడమ చెబుతుంటే దిలావర్ చెమటలు కక్కుతూ తోలాడు. తొట్టిలో పడున్న ఖాళీ డబ్బాను ఘనీ బార్లీ వేళ కొట్టినట్టే కొట్టాడు. మేకలు బండి వెంటే వచ్చాయి. ఒక్క నల్లపోతు మాత్రం అల్లంత దూరాన ఏదో పొద కొరుక్కుంటూ నిలబడింది.

ఘనీ దూకబోయాడు. దొర అతని చొక్కా కాలరు పట్టేశాడు.

"వద్దంట అన్నా," దిలావర్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "ఈయన దోస్తు ఒగడు ఇట్లనే గాడి దిగినాడంట, మెరిసేదేందో ఏరుకుందామని. ఈడనే సచ్చిపోయినాడంట."

"పోతు పోతే నేను ఊరికి పోలేనప్పా!"

"నువ్వే పోతే?"

ఘనీ మళ్లీ డబ్బా కొట్టాడు. ఏడుస్తూనే కొట్టాడు. పోతు తలెత్తింది. తీరిగ్గా, దర్జాగా నడిచి వస్తోంది. గంట మోగినప్పుడల్లా ముగ్గురికీ ఊపిరి ఆగుతోంది. సగం దూరంలో దాని గిట్టకు ఏదో ఇనుము టంగుమని తగిలింది. ముగ్గురూ తొట్టిలోనూ సీటులోనూ ముడుచుకుని చెవులు మూసుకున్నారు.

ఏమీ కాలేదు. సిపాయిలు తిని పారేసిన తుప్పుపట్టిన రేషను డబ్బా దొర్లుకుంటూ పోయింది. పోతు వచ్చి బండి వెనక నిలబడి, మేత ఏదన్నట్టు అరిచింది.

కట్ట దాటాక ఘనీ దాని మెడ పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. దొర గండి వైపు చాలాసేపు చూశాడు. ఆ డబ్బా తన పటాలానిదే కావచ్చు. కానీ దానికోసం ఒక్క అడుగు వెయ్యలేదు. పోతు ముందు నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"వాళ్ల పటాలంలో మేకకు సిపాయి హోదా ఇస్తారంట, కవాతులో ముందర నడుస్తాదంట," అన్నాడు దిలావర్. "దాన్ని చూసుకునేటోన్ని మేక మేజర్ అంటారంట. నువ్వు మేజర్ అంట అన్నా!"

నవ్వడానికి ఘనీకి ఓపిక లేకపోయింది.

వాళ్లు పోయాక పాత టైర్లన్నీ దొర్లించుకొచ్చి గండి మూశాడు. సాయంత్రం కఫీల్ వచ్చి ఎందుకని అడిగాడు. అబద్ధం నాలుక మీదికి వచ్చింది. కానీ తన ఛుట్టీ రోజుల్లో మందను కాయడానికి వచ్చే మనిషి, ఎవరో ఏ ఊరివాడో, కళ్ల ముందు మెదిలాడు. సంగతి తెలియక అతను టైర్లు తీసి అటు పోతే? ఘనీ భయపడుతూనే జరిగిందంతా చెప్పేశాడు.

కఫీల్ కసరలేదు. పోతు కాళ్లు నాలుగూ తడిమి చూసుకున్నాడు. తర్వాత ఘనీ భుజం మీద ప్రేమగా చెయ్యి వేశాడు.

"నీలాంటివాడు నాకు మళ్లీ దొరుకుతాడా? కొత్తవాడి చేతిలో ఈ మందను ఎలా పెట్టను? ఛుట్టీ సంగతి రంజాన్ అయ్యాక చూద్దాం, ఇన్షా అల్లా."

పొద్దున గాడిలో నడిచినప్పుడు కూడా ఘనీకి ఇంత భయం వెయ్యలేదు. తల ఊపి, బార్లీ మూట భుజానికెత్తుకున్నాడు. మేకలు అతని చుట్టూ మూగాయి.