చేతన దొంగనిద్ర

నేను ఒక బూరుగు దూది దిండును. అందులోనూ అనుమానపు దిండును. ఎందుకు కాను! తెనాలిలో నన్ను కుట్టిన పరుపుల కొట్టాయన సగం పాత దూది కూరి, "అంతా కొత్తదేనండీ" అని ఒట్టేశాడు. నన్ను కొన్న రాఘవయ్య, భార్య నాంచారమ్మ బజారుకు వెళ్ళమన్నప్పుడల్లా నా మీద తల వాల్చి దొంగగురక పెట్టేవాడు. మనుషుల నిద్రను నేనెలా నమ్మను?

ఆయన పోయాక మనవరాలు చేతన తల కిందికి వచ్చాను. ఎనిమిదేళ్ళ పిల్ల. రక్తక్యాన్సర్‌కు వైద్యం జరుగుతోంది, జుట్టంతా రాలిపోయింది. అమ్మానాన్నలు పనికి పోతే చూసుకునేది నాయనమ్మ నాంచారమ్మే. దీపాలు పెట్టే వేళకు అన్నం తినిపించి బిళ్ళ వేసేది. కడుపు నిండాక వేస్తేనే మందు ఒంటబడుతుందని ఆవిడ నమ్మకం. పిల్ల ఉలిక్కిపడకుండా నా కింద అడకత్తెర కూడా పెట్టింది, ఇనుముంటే గాలీ ధూళీ దగ్గరకు రావట. చేతన కళ్ళు మూసుకుని కదలకుండా పడుకునేది. నాకు మాత్రం అనుమానమే. నిద్రపోయే పిల్ల మెడ అంతలా బిగుసుకుని ఉంటుందా?

పగలు నాలుగడుగులు వేస్తే చాలు, కూలబడేది. నా మీద వాలబోతే నాంచారమ్మ నన్ను లాగేసుకునేది.

"పగలు దొర్లితే రాత్రి నిద్దరెట్టా పడుద్దే? లే, కూచో!"

ప్రేమే, కాదనను. కానీ పిల్లకు బొమ్మ పట్టుకునే ఓపిక కూడా పోతోంది. ఇలా ఎన్నాళ్ళు లాక్కొస్తుందోనని నాకు దిగులు పట్టుకుంది.

ఆస్పత్రికి వెళ్ళేరోజు చేతన నన్నూ చంకన పెట్టుకుంది. నిద్ర పడుతోందా అని డాక్టరమ్మ అడిగితే నాంచారమ్మే అందుకుంది.

"బంగారంలా నిద్దరపోద్దండీ!"

చేతన నన్ను గట్టిగా నొక్కింది. డాక్టరమ్మదీ నా బుద్ధేనేమో, ఈసారి పిల్లనే అడిగింది.

"పట్టదు. దొంగనిద్ర పోతా. ఎప్పుడూ అలుపుగా ఉంటది."

"ఓసి నా తల్లో! నాతో ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే జబ్బు తిరగబెట్టిందని భయపడతావుగా నాయనమ్మా!"

డాక్టరమ్మ రిపోర్టులు చూసి, జబ్బు తిరగబెట్టలేదని చెప్పింది. ఈ మందులతో చాలామంది పిల్లలకు ఇలాగే అలసట వస్తుందట. ఆ బిళ్ళ నిద్ర చెడగొట్టే రకమట, ఇకనుంచి పొద్దున్నే వేయమంది. పగలు కాసేపు పడుకోనివ్వమని కూడా చెప్పింది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం చేతన నా మీద వాలింది. నాంచారమ్మ కూత వేస్తుందని కుక్కర్ కూడా పెట్టకుండా గుమ్మంలో కాపలా కూర్చుంది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఊపిరి నిదానంగానే ఉంది, కానీ ఊపిరిదేముంది, రాఘవయ్య గురకే నటించాడు! అంతలో నా గలీబు తడిసింది. ఏడుస్తోందేమోనని హడలిపోయాను.

కాదు, చొంగ. ఎంత గడుసు పిల్లయినా చొంగను నటించలేదు.