ఉభాల నావ

వేళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

చుక్క... చుక్క... చుక్క.

పచ్చి ఆకు వాసన. బురద వాసన. నిన్నటి దాకా మా అక్క ఝాన్సీ వాళ్ళ మడిలో నిలబడి ఉన్న వరి ఆకు ఇది, నాటడానికి పెంచిన నారు. తెల్లారకముందే పీకి, కడిగి, కట్టలు కట్టి నావకెత్తాం. కట్టల మధ్యన నేను కూర్చున్నాను. గోళ్ళలో ఇంకా మట్టి ఉంది.

బాగుంది. నాకు చాలా బాగుంది.

సన్నటి కాలువ. అంతకన్నా సన్నటి నావ. మొన్నటి వరదకి రోడ్డు తెగిపోయింది. ట్రాక్టరు రాదు, ఆటో రాదు. నూకయ్య మావ నావ ఒక్కటే వస్తుంది. కళింగపట్నం మనిషి, సముద్రం మీద బతికినవాడు. పొద్దున్నుంచీ సణుగుతూనే ఉన్నాడు.

"కాలవలో నావ తొయ్యడమేటి... గచ్చు మీద ఈత కొట్టడమేటి..."

సణగనీ. నావని తోసే గెడ మాత్రం ఆపడం లేదు.

పొద్దుగూకేలోపు మా మడిలో నాట్లు పడాలి. మా వైపు నాట్ల పనిని ఉభాలంటాం, ఆ ఉభాలు ముగియాలి.

ముగియకపోతే రేపు పొద్దున్నే మడిలోకి పొక్లెయిన్ దిగుతుంది. మా బావ చినబాబు, అంటే మా ఆయన అన్న, తన మడులన్నీ ఎప్పుడో రొయ్యల చెరువులు చేసేశాడు. వాటి మధ్య మా మడి ఒక్కటే వరికి మిగిలింది. వరద మా నారుమడిని ఊడ్చుకుపోయిన రోజున గట్టు మీదకొచ్చి నిలబడ్డాడు. "ఇంకేటి నాటతావే? సెరువు తవ్వీనీ" అన్నాడు. "ఆదివారం పొద్దుగూకేలోగా ఉభాలవ్వకపోతే తవ్వీసుకో బావా" అన్నాను.

అనేశాను.

మా ఆయన త్రినాథ్ భోగాపురంలో విమానాశ్రయం పనిలో ఉన్నాడు. ఫోన్‌లో అంతా విని "నీ ఇష్టం" అన్నాడు. నా ఇష్టమే. మాట ఇచ్చింది నేను, నిలబెట్టుకునేదీ నేనే.

ఈ రోజే ఆదివారం.

మొదట గుర్రపుడెక్క అడ్డొచ్చింది.

ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా... కాలువే కనపడలేదు. మావ గెడ వేస్తే గెడ ఇరుక్కుంది. నేను కొడవలి తీసుకుని ముందుకి వంగాను. కోశాను. లాగాను. నెట్టాను. మళ్ళీ కోశాను. నావ జానెడు కదిలి మూరెడు సేపు ఆగేది. ఊదారంగు పువ్వులు మాత్రం అందంగానే ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి.

దాటాం.

తర్వాత ఒక ఊరి రేవు.

నడుం మీద చేతులు పెట్టుకుని ఒక ముసలామె నిలబడి ఉంది. ఆకు నిండిన నావని చూసి ఏ రైతు మనిషి ఊరుకుంటుంది?

"ఏ ఊరాకమ్మా? నా మడిలో ఓ మూలంతా నీరు తినీసినాది. రెండు కట్టలిచ్చి ఎల్లు."

మా వైపు ఒక పట్టింపు ఉంది. ఆకు మోసుకెళ్ళేవాళ్ళు అడిగినవాళ్ళకి లేదనకూడదు. ఆకు వింటుందట. విన్న మాటే మడిలో చెబుతుందట — లేదు, లేదు, లేదు. పుచ్చుకున్నవాళ్ళకీ ఒక కట్టుబాటుంది. ఆ రోజే, తమ చేత్తోనే నాటాలి.

ఇచ్చాను. ఆమె పేరు లక్ష్మణమ్మట. చీర ఎగ్గట్టి అప్పటికప్పుడే మడిలోకి దిగింది. ఆమెని చూసి ఇంకొకామె వచ్చింది. ఆమె వెనక ఇంకొకరు.

"ఇలగ పంచుకుంటా పోతే నీకేటి మిగుల్తాది పిల్లా?"

"పలసగా నాటతాను మావా. నువ్వు గెడెయ్యి."

ఆకు తగ్గింది. నావ తేలికైంది. దిగులు రాలేదా అంటే వచ్చింది. కాసేపు కూర్చుని, నేను పలకరించకపోయేసరికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి ఆటు మొదలైంది.

అక్కడికొచ్చేసరికి కాలువ సముద్రంతో కలుస్తుంది. సముద్రం వెనక్కి తగ్గితే కాలువ కూడా తగ్గుతుంది. నీరు పల్లమెరుగు — మా తొందర ఎరగదు. నావ బురదలో కూర్చుంది. దిగి తోశాం. కదల్లేదు. మళ్ళీ పోటు వచ్చేదాకా అంతే.

ఎండ.

గాలి లేదు.

కట్టలో చెయ్యి పెట్టి చూశాను. లోపల వెచ్చగా ఉంది. ఇలాగే ఉంటే ఆకు ఉడికిపోతుంది. తువ్వాలు తడిపి కప్పుదామని మంచినీళ్ళ బిందె కోసం అటు తిరిగాను.

ఇటు తిరిగేసరికి మావ దోసిళ్ళతో కాలువ నీళ్ళు చల్లుతున్నాడు.

ఉప్పునీళ్ళు!

ఎండుతున్నదాన్ని తడపాలి. ఆయనకు తెలిసింది అదే. జన్మంతా చేపల మీద ఆ నీళ్ళే చల్లాడు.

"మావా! అది సేప కాదు!"

చేతులు గాల్లోనే ఆగిపోయాయి. "ఓలమ్మ... ఉప్పు కదా..." ముఖం ఇంతైపోయింది. తిట్టకూడదు అనుకున్నాను. తిట్టాను. తిడుతూనే బిందె వంచాను. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ ఆ కట్టల వేళ్ళ మీద ధారగా పోశాం. ఆ పూట దాహం మాకు మిగిలింది, ఆకుకి కాదు.

గోరుచుట్టు మీద రోకటిపోటంటారు. రోకలి పడింది సరే, వేలు ఊడలేదు కదా!

కొసలు కొన్ని వాలాయి. వేళ్ళు మాత్రం తెల్లగానే ఉన్నాయి. వేరు తెల్లగా ఉంటే ఆకు బతుకుతుంది. మావ నా వైపు చూడకుండా కూర్చున్నాడు. నేనే పిలిచి బెల్లం ముక్క చేతిలో పెట్టాను.

ఎదురుచూశాం.

ఎండ వాలింది... నీడలు సాగాయి... ఒడ్డున కొంగలు లేచిపోయాయి...

పోటు వచ్చింది. నావ లేచింది.

"బేగి, మావా! బేగి!"

మావ గెడ వేశాడు. ఈసారి ఒక్క సణుగుడు లేదు.

మా ఊరి రేవులో బావ నిలబడి ఉన్నాడు.

వెనక గట్టు మీద పసుపు రంగు పొక్లెయిన్. రేపటి కోసం ఈ రోజే తెప్పించి పెట్టాడు, అంత నమ్మకం. నాటే ఆడవాళ్ళు పొద్దున్నుంచీ గట్టున కూర్చుని ఉన్నారు. నావని చూసి లేచి నిలబడ్డారు.

బావ నీళ్ళలోకి ఒక అడుగు దిగాడు.

"యమునా. నాకూ ఇయ్యి."

మావ గెడ ఆగిపోయింది.

అడిగినవాళ్ళకి లేదనకూడదు. ఆయనకి తెలుసు. ఆ పట్టింపు నాకు నేర్పింది ఆయన కన్నతల్లే. అంతా ఇమ్మంటే అంతా ఇవ్వాలి. ఒక్క మాటతో నావ ఖాళీ అయిపోతుంది. భయపడ్డాను. ఆ రోజు మొత్తంలో నేను నిజంగా భయపడింది అప్పుడే.

"ఎంత బావా?"

"ఒక్క కట్ట."

"నాటాల మరి. నీ సేత్తోనే, ఈ పొద్దే. నీకు మడేదీ?"

బావ తన చెరువుల వైపు చూశాడు. గట్లు, ఉప్పునీళ్ళు, నీళ్ళని చిలికే చక్రాలు. మొక్క నిలిచే చోటు జానెడు లేదు. తర్వాత నా మడి వైపు చూశాడు.

కట్ట తీసి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వాసన చూశాడు. చాలా సేపు చూశాడు.

ఆడవాళ్ళు వంగారు. నేను వంగాను. అడుగు వెనక్కి, చెయ్యి కిందకి... అడుగు వెనక్కి, చెయ్యి కిందకి... గుప్పెళ్ళు లేవు, ఒక్కో చోట ఒక్కో మొక్క. పలచగా, దూరదూరంగా నాటుకుంటూ పోయాం. ఒక పక్కన బావ, లుంగీ ఎగ్గట్టి, వంకర వరస. ఆడవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. నడుం మీద చెయ్యి వేసుకుని, మళ్ళీ వంగాడు.

పొద్దుగూకింది.

తూర్పు మూల ఖాళీగా మిగిలింది. నావలో ఆకు అయిపోయింది.

నడుం నిటారుగా చేసి నిలబడ్డాను. ఏడవలేదు. మాటంటే మాటే. నేను పిలిచిన ఓటమేమీ కాదు, అయినా వచ్చింది కాబట్టి ఒప్పేసుకుందాం అనుకున్నాను. "అవ్వనేదు బావా" అనడానికి నోరు తెరిచాను.

ఈలోగా గట్టు మీద నుంచి డ్రైవరు కేకేశాడు.

"బాబూ! రేపు ఏ యేలకి దింపాల?"

బావ నడుచుకుంటూ ఆ ఖాళీ మూలలోకి వెళ్ళాడు. గుప్పిట తెరిచి చూసుకున్నాడు. ఇంకా కొన్ని మొక్కలున్నాయి.

"ఉండరా. ఉభాలవ్వనేదు. నా సేతిలో ఇంకా ఆకున్నాది. ఆకున్నంతసేపూ పొద్దుగూకనట్టే."

వంగాడు. ఒక మొక్క పెట్టాడు. మడమతో కాస్త వెనక్కి జరిగాడు. ఆగాడు.

చీకట్లో నీళ్ళ చప్పుడు.

చాలా సేపటికి... ఇంకొకటి.