మోటారు ఆపి చూడు

"ఈ వారంలో మూడుసార్లు కరెంటు పోయింది అమ్మాయ్. ఒక్క చుక్క కారిందేమో చూపించు," అన్నాడు ఎవరిస్తో మామ, తన కొత్త గాజు తొట్టి పక్కన దర్జాగా నిలబడి.

నాకు ఒళ్లు మండింది. సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరు బయాహీబేలో ఇరవై రెండేళ్లుగా పైపుల పని నాది. ఈయన నన్నొక్క మాట అడక్కుండా పైపులన్నీ సొంతంగా అతికించేసుకుని, ఇప్పుడు మెచ్చుకోమని పిలిచాడు.

మామ నలభై ఏళ్లు పడవ నడిపిన మనిషి. పగడాలు పెంచి మళ్లీ సముద్రంలో నాటే నర్సరీ వాళ్లు శనివారం ముప్పై పగడపు ముక్కలు తెచ్చి, ఈ తొట్టిలో పెంచమని ఇస్తామన్నారు. ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ ఒప్పుకోవాలన్నదొక్కటే షరతు. ఇంటావిడ యొకాస్తాకి సరిగ్గా కింది వాటాలోనే ఆడవాళ్ల సెలూన్ ఉంది. పైనుంచి నీళ్లు పడితే తొట్టిని వీధిలో పెట్టిస్తానని ముందే చెప్పేసింది.

"కరెంటు పోయినప్పుడు మోటారు ఆగిందా మామా?"

"ఎందుకాగుతుంది? ఇన్వర్టర్ ఉందిగా."

"మరింకేం పరీక్షించావు నువ్వు? ఆ బ్యాటరీ చచ్చిన రోజున ఏం చేస్తావు?"

మా ఊళ్లో అందరిదీ ఇదే జబ్బు. ఇన్వర్టర్ కొన్న రోజునుంచి కరెంటు పోవడమనేదే లేదనుకుంటారు. ఆ కోపంలో నేనూ ముందూవెనకా చూడకుండా మోటారు ప్లగ్గు పీకేశాను.

తొట్టి నిండి పొర్లిన నీళ్లు ఒక పైపులోంచి కింది డబ్బాలోకి దిగుతాయి. డబ్బాలోని మోటారు వాటిని ఇంకో పైపులోంచి పైకి తోస్తుంది. మోటారు ఆగగానే ఆ రెండో పైపు కూడా తొట్టిలో నీళ్లను కిందికి లాగడం మొదలుపెట్టింది. మామ దాని మూతిని ముందే తొట్టి అడుగుదాకా దించి పెట్టాడు. పైగా కింది డబ్బాని అంచుదాకా నింపాడు. నేను మళ్లీ ప్లగ్గు పెట్టేలోపే రెండు బకెట్ల ఉప్పునీళ్లు నేలపాలయ్యాయి.

కిందినుంచి కేక వినిపించింది. మరు నిమిషంలో దువ్వెన పట్టుకుని యొకాస్తా, ఆమె వెనకాలే జుట్టుకి రోలర్లు చుట్టుకున్న ఒకావిడ మెట్లెక్కి వచ్చారు.

"మూడు గంటలు కష్టపడి ఈవిడ ఉంగరాల జుట్టు సాపుగా ఆరబెట్టాను బాబాయ్. సముద్రం తెచ్చి నెత్తిన పోశావు."

"ప్లగ్గు పీకింది నేనక్కా, తిట్టేదేదో నన్ను తిట్టు," అన్నాను.

"నిన్నూ తిడతాను, ఆగు. శనివారం మధ్యాహ్నందాకా టైమిస్తున్నా. ఆ తర్వాత ఇది నా ఇంట్లో ఉండదు."

వాళ్లు వెళ్లాక మామ కుర్చీలో కూలబడ్డాడు. "లంగర్లు వేసి ఎన్ని పగడాలు విరగ్గొట్టానో లెక్కే లేదమ్మాయ్. ముప్పయ్యన్నా పెంచి వెనక్కిద్దామనుకున్నా," అన్నాడు. నాకు ఆయన మీద కోపమంతా దిగిపోయింది.

"పైపు మూతిని అంత కిందికి ఎందుకు పెట్టావు?"

"సముద్రంలో చల్లటి నీళ్లు అడుగునుంచే వస్తాయిగా."

"ఇది సముద్రం కాదు మామా, యొకాస్తా ఇల్లు."

అట్టముక్క మీద బొగ్గుతో గీసి చూపించాను. పైకి తోసే పైపు మూతి నీటిమట్టానికి వేలెడు కిందే ఉండాలి. అక్కడే పైపుకి చిన్న చిల్లు పెడితే, మట్టం కాస్త తగ్గగానే గాలి దూరి నీళ్లు లాగడం ఆగిపోతుంది. నీళ్లు దిగే పైపులో నత్త ఒకటి దూరి అడ్డుపడినా నీళ్లు పోవడానికి పక్కనే మరో పైపు ఉండాలి. మోటారు ఆగాక దిగే నీళ్లన్నీ పట్టేంత ఖాళీ కింది డబ్బాలో ఎప్పుడూ ఉంచాలి. మామ బుద్ధిగా తలూపుతూ విన్నాడు. రెండు రోజులు ఇద్దరం కోసి, అతికించి, డబ్బా మీద ఎర్రగీత గీశాం. ఆ గీత దాటి నీళ్లు పోస్తే చెయ్యి విరుస్తానని మామకి చెప్పాను.

శనివారం నర్సరీ వాళ్ల బండి వాకిట్లో ఆగింది. పగడాలున్న బకెట్లు నీడలో పెట్టారు. యొకాస్తా బయటికొచ్చింది. సాయంత్రం ఆమె మేనకోడలి పెళ్లి. పొద్దుటినుంచి కూర్చుని తీర్చుకున్న జుట్టు భుజాల మీద నిగనిగలాడుతోంది. ఆ జుట్టుకి తడి తగిలితే మళ్లీ ఉంగరాలు తిరిగిపోతుందని మా ఊళ్లో పసిపిల్లకైనా తెలుసు.

"గొడుగిమ్మంటావా అక్కా?" అన్నాను.

ఆమె నేరుగా సెలూన్లోకి వెళ్లి, పైకప్పుకి మొన్నటి మరక ఉన్నచోట సరిగ్గా కింద కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మా మేనకోడలి పెళ్లికి పోవాలి. ఆపెయ్యండి," అంది.

మామా నేనూ పైకెళ్లి మెయినూ, ఇన్వర్టరూ రెండూ కట్టేశాం. మోటారు ఆగింది. కింది డబ్బాలో నీళ్లు ఎర్రగీత దాటి పైకి లేస్తున్నాయి. మామ నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. చిల్లులోంచి గాలి దూరిన గురగుర వినిపించింది. డబ్బా అంచుకి నాలుగు వేళ్లు కిందుండగా నీళ్లు ఆగిపోయాయి. అయినా పదిహేను నిమిషాలు అక్కడే నిలబడి, ఆ తర్వాతే కిందికి దిగాం.

యొకాస్తా ఇంకా అదే కుర్చీలో, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. మామ దగ్గరికెళ్లి ఆమె జుట్టు తడిమి చూడబోయాడు. ఆమె కళ్లు తెరిచి ఆయన చేతి మీద ఒక్కటి వేసింది.

"పెళ్లయ్యేదాకా ఎవరూ ముట్టుకోకండి," అంది. "పగడాల మీదికి ఎండ వచ్చేస్తోంది, పైకి తీసుకెళ్లు బాబాయ్."