పందొమ్మిదో పాఠం

నవంబరు రెండో వారం, బుధవారం మధ్యాహ్నం, దువోప్ లామ్ సోబాత్ నది ఒడ్డున ఉన్న తన ఊరికి నడిచి వచ్చాడు. ఊరివాళ్లు అతనికి దినం చేసి అప్పటికి ఏడాది దాటింది.

మొదట చూసింది జొన్నలు దంచుతున్న ఆడవాళ్లు. ఒకామె రోకలి దించింది. మిగతావాళ్లు దంచుతూనే ఉన్నారు.

“దువోప్ లాగున్నాడే.”

“లాగేమిటి, దువోపే. చచ్చాక ఒళ్లు చేశాడు.”

“అక్కడ తిండి బాగా పెడుతున్నారు కాబోలు.”

ఇద్దరు నవ్వారు. రోకలి దించినామె నవ్వలేదు. ఆమె నియాబువోల్, అతని భార్య. లోపలికి వెళ్లి సొరకాయ బుర్రలో పులిసిన పాలు తెచ్చి గడప అవతల నేలమీద పెట్టింది. చేతికివ్వలేదు. ఆ గడప దువోప్ తమ్ముడు పువోక్‌ది. దినం అయ్యాక, ఆచారం ప్రకారం, ఆమె పువోక్ ఇంటికి మారింది.

దువోప్ నేలమీద కూర్చుని పాలు తాగాడు.

అతను ఊరు వదిలింది తమ నుయేర్ భాషలో బడిపాఠాలు చెప్పి రికార్డు చేయించడానికి. సరిహద్దు దాటి గంబెల్లా పట్టణంలో ఒక గది, ఒక మైకు, ఒక మాస్టారు. మాస్టారిది ఆ భాష కాదు. దువోప్ మాట చెప్పాలి, దాని రూపాలన్నీ చెప్పాలి. ఒక ఆవు యాంగ్, నాలుగు ఆవులు హొక్. కొన్ని మాటల్లో అచ్చు సాగితే ఒకటి పది అవుతుంది. చా బెన్, వచ్చాను. చి బెన్, వచ్చావు. చె బెన్, వచ్చాడు. ప్రతి రూపం మూడేసిసార్లు. కిటికీ మూసి ఉంచేవారు, బయట మేకలు అరిస్తే మళ్లీ మొదటినుంచి.

ఈలోగా పోరాటం మొదలై దారి మూసేశారు. ఫోన్లు పనిచేయలేదు. నిరుడు వానల్లో ఒక పడవ బయల్దేరుతుందంటే దువోప్ తన మూట అందులో పెట్టాడు. పందొమ్మిదో పాఠం సగంలో ఉంది, పూర్తిచేసి తర్వాతి పడవలో వెళ్లమన్నాడు మాస్టారు. అతను ఆగాడు. మూట వెళ్లింది. దారిలో పడవ బోల్తా పడింది. బతికినవాడొకడు ఊరికి వచ్చి, దువోప్ మూట పడవలో తన కళ్లతో చూశానన్నాడు. ఆ తర్వాత పడవలు ఆగిపోయాయి. అతను పంపిన కబురు ఊరు చేరలేదు. ఈ నవంబరులో దారి తెరిచాకే నడిచి రాగలిగాడు.

కోతలదాకా చూశారు. తర్వాత దినం చేశారు. వంశంలో మాట చెప్పే పెద్ద వాల్. దువోప్ సొంత ఎద్దును బలికి తెచ్చారు. నల్లది, భుజం మీద తెలుపు. కుర్రతనం నుంచి ఈడువాళ్లు అతన్ని ఆ ఎద్దు పేరుతోనే పిలిచేవారు. వాల్ దాని వీపున బూడిద రాసి, “దువోప్, నీది నువ్వు తీసుకుపో, పిల్లల జోలికి రాకు” అన్నాడు. ఇంటివాళ్లు గుండ్లు చేయించుకున్నారు.

దారి మూయకముందే ఊరి బడికి మొదటి పాఠాలు చేరాయి. దినం నాడు ఉదయం కూడా పిల్లలు పాఠాలు వినిపించే పెట్టెలోని దువోప్ గొంతు వెంట మాటలు చెప్పారు. మధ్యాహ్నం వచ్చి ఎద్దు మాంసం తిన్నారు.

శనివారం దువోప్ కూతురు నియారువాచ్ పెళ్లి. మగపెళ్లివారి పశువులు వచ్చేశాయి.

బుధవారం సాయంత్రం ఆమె తండ్రి దగ్గరికి వచ్చింది. కొంచెం ఎడంగా నిలబడింది.

“నాన్నా, శనివారం నువ్వెక్కడ నిలబడతావు?”

“నీ పక్కన. పెళ్లి ఎద్దుకి బూడిద రాసేది తండ్రేగా.”

“బాబాయి రాస్తాడన్నారు.”

“వాల్‌ని అడుగుతాను.”

గురువారం పొద్దున అడిగాడు. వాల్ పశువుల కొట్టం ముందు గొట్టంలో పొగాకు దట్టిస్తున్నాడు. పువోక్ పక్కనే ఉన్నాడు.

“బాబాయ్, నేను బతికే ఉన్నాను.”

“కనబడుతూనే ఉంది.”

“అయితే నా కూతురి ఎద్దుకి బూడిద నేను రాస్తాను.”

“నీ ఎద్దు మాంసం నేను తిన్నానురా. ఇప్పుడు కక్కమంటావా?”

“తప్పు జరిగింది. పడవలో నేను లేను.”

“నీ మూట ఉందిగా.”

“మూటకి దినం చేశారా?”

“నీకే చేశాం. నీ పేరు పెట్టి పంపాం. నీ ఊపిరి ఆ ఎద్దుతో పోయింది.”

“పోతే ఇదేమిటి? పీలుస్తున్నాను కదా.”

“పీల్చుకో, ఎవడొద్దన్నాడు? తిండి పెడతాం. పడుకోవడానికి చోటిస్తాం. నువ్వు చెయ్యి వేస్తే మాత్రం ఆ పెళ్లి నిలవదు. దానికి పిల్లలు పుట్టరు. అది కావాలా నీకు?”

దువోప్ తమ్ముడి వైపు చూశాడు.

“నన్ను చూడకు అన్నా,” అన్నాడు పువోక్. “ఎక్కువ ఏడ్చింది నేనే. వాళ్లని అడుగు.”

“ఏడ్చాడు,” అన్నాడు వాల్. “మాంసమూ ఎక్కువే తిన్నాడు.”

దువోప్ మళ్లీ అడగలేదు. వాల్ పొగాకు గొట్టం అందిస్తే రెండు దమ్ములు పీల్చి తిరిగి ఇచ్చాడు.

శనివారం ఎండ ఎక్కకముందే ఎద్దును మేకుకు కట్టారు. వాల్ ఈటె పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ వంశంలో పోయినవాళ్ల పేర్లు చెప్పాడు. ముత్తాత పేరు, తాత పేరు, దువోప్ తండ్రి లామ్ పేరు. చివర దువోప్ పేరు. దువోప్ కొట్టం వెనక నిలబడి ఉన్నాడు. అక్కడికి మాటలు వినబడతాయి. పేరు వినబడినప్పుడు అతను పలకలేదు.

నియారువాచ్ ఒకసారి కొట్టం వైపు చూసింది. పక్కనున్న ఆడవాళ్లు ఆమెను ముందుకు తిప్పారు.

ఎద్దుకి పువోక్ బూడిద రాశాడు. తర్వాత పశువులను పంచారు. పోయినవాళ్లకు ఒక ఆవును వదలడం ఆచారం. ఎర్రావును దువోప్ పేరు మీద వదిలారు. దాని వీపున కూడా పువోకే బూడిద రాశాడు. భోజనాలప్పుడు నియాబువోల్ ఒక బుర్రలో మాంసం తెచ్చి కొట్టం వెనక నేలమీద పెట్టింది.

“తిను,” అంది.

“ఉప్పు సరిపోయిందా?”

“సరిపోయింది.”

అతను తిన్నాడు. ఆమె ఖాళీ బుర్ర తీసుకెళ్లింది.

ఆదివారం తెల్లవారాక దువోప్ గంబెల్లా వైపు నడిచాడు. పొలిమేరదాకా ఎవరూ వెళ్లలేదు. పువోక్ కొట్టంలో పేడ ఎత్తుతున్నాడు.

పోరాటం వల్ల ఏడాదిగా ఆగిన పని మళ్లీ సాగి, డిసెంబరులో మాస్టారు ఇరవయ్యో పాఠం మొదలుపెట్టాడు. చెప్పేది దువోపే. ఫిబ్రవరిలో పందొమ్మిదో పాఠం ఊరి బడికి చేరింది. చా బెన్, చి బెన్, చె బెన్ అని పిల్లలు ఆ గొంతు వెంట చెబుతున్నారు.

ఎర్రావు ఏప్రిల్లో ఈనింది. పెయ్యదూడ. పాలు పువోక్ ఇంట్లో తాగుతున్నారు.