అంబలి వేళ కరెంటు

కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటారు. ఆయన పెదబయలు ఆశ్రమ పాఠశాలలో మాస్టారు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారకుండానే బస్సెక్కేస్తారు. ఆ మాత్రం దానికే నా ముక్కు సంగతి ఆయనకి తెలిసిపోయిందట. మిగతా రోజులన్నీ దాన్ని భరించేది మా అత్త. ఆవిడ మాత్రం ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఏం చెయ్యాలనుకుంటే అది చేసేది, అంతే.

అరకు నుంచి డుంబ్రిగుడ వెళ్లే రోడ్డు పక్కన మా ఇల్లు. రెండు వేల నాలుగులో ముందు గది ఖాళీ చేసి, మూడు కంప్యూటర్లూ ఒక ప్రింటరూ పెట్టి, 'భాను కంప్యూటర్స్' అని నా పేరుతోనే బోర్డు కట్టించాను. కంపెనీ పెట్టానంటే సంతలో నవ్వారు. కంపెనీ అంటే గోడౌన్లుండాలి, లారీలుండాలి కదమ్మా అన్నాడొక పెద్దమనిషి. మాకు లారీ లేదు. ముందు గదిలో కంపెనీ, వెనక గదిలో పొయ్యి, మధ్యలో ఒక పాత చీర తెర. మా ఇంట్లో కూర మాడితే నాకన్నా ముందు కస్టమరుకే తెలిసేది. పసుపు చేతులతో టైపు చేసి చేసి మొదటి కీబోర్డు పెళ్లికూతురిలా తయారైంది. ప్రింటరు వచ్చిన అట్టపెట్టెను మా అత్త విప్పదీసి, పెరట్లో పరిచి, దాని మీద మిరియాలు ఆరబోసింది.

అప్లికేషన్లు, పిల్లలకి కోర్సులు, పెళ్లి కార్డులు ఇలా ఏ పని వచ్చినా కాదనకుండా ఏడాది నెట్టుకొచ్చాను. రెండో ఏడు మార్చిలో కాఫీ రైతుల సంఘం వాళ్లు ఒక పని ఇచ్చారు. మా చుట్టుపక్కల కొండ ఊళ్ల రైతులందరి పేర్లూ, తోటల వివరాలూ ఎక్కించి, ఒక్కొక్కరికి గుర్తింపు కార్డు అచ్చు వేసి ఇవ్వాలి. సంత రోజున రైతులు కిందికి దిగుతారు కాబట్టి ఆ రోజుకల్లా కార్డులు సిద్ధంగా ఉండాలి. సంఘం కార్యదర్శి వరహాలరావు గారు మా గుమ్మంలోనే మొహమాటం లేకుండా చెప్పేశారు.

"టైముకిస్తే మిగతా మండలాల పని కూడా నీకే తల్లీ. ఇవ్వలేకపోతే మాత్రం ఏటనుకోకు, విశాఖపట్నం ఇచ్చేత్తాం."

నాకు ఈ కంపెనీ అంటే ప్రాణం. మా అమ్మాయి బేబి తరవాత అదే. ఆ వరస కూడా కొన్ని రోజులు తారుమారయ్యేదని ఒప్పుకోవాలి. ఈ పని పోతే బోర్డు దింపుకోవడమే. అందుకని పొద్దున్న కూర్చుంటే మళ్లీ చీకటి పడే దాకా కుర్చీ వదలడం మానేశాను.

సరిగ్గా అప్పుడే కరెంటు మొదలెట్టింది తన నాటకం.

రోజూ ఎండ నెత్తి మీదికొచ్చే వేళకి టక్కున పోయేది. యూపీఎస్ బ్యాటరీ ముసలిదైపోయింది. కొత్తది విశాఖ నుంచి రావాలి. కరెంటు పోగానే అది ఒక్కసారి కీచుమని, ఊపిరి తీసుకునే లోపే చచ్చిపోయేది. ఎప్పటికప్పుడు సేవ్ నొక్కే అలవాటు నాకుంది. కానీ ఫైలు తెరిచి ఉండగా మిషను ఆగిపోతే ఆ ఊరి ఫైలు మొత్తం పాడైపోయేది. మళ్లీ తెరిస్తే పేర్ల బదులు పిచ్చి గీతలు. ఒక రోజు ఒక ఊరు పోయింది, మర్నాడు ఇంకో ఊరు. చేసిందే చెయ్యడం, కొట్టిందే కొట్టడం.

కరెంటు పోయాక చేసేదేముంది? పెరట్లో పనస చెట్టు కింద కూర్చుని, మా అత్త పోసిన చోడి అంబలి, అంటే రాగి అంబలి, తాగేదాన్ని. బేబికి అప్పుడు ఒంటిపూట బడి. అది నా ఒళ్లో దూరితే తల దువ్వి జడ వేసేదాన్ని. కాసేపటికి కరెంటు వచ్చేది. తిట్టుకుంటూనే లోపలికి పరిగెత్తేదాన్ని కానీ, నిజం చెప్పాలంటే ఆ కాసేపూ ప్రాణానికి హాయిగా ఉండేది. ఆ హాయి మీద కూడా నాకు కోపమే.

నాలుగైదు రోజులు చూశాను. ఇక ఆగలేక లైన్‌మన్ ధనరాజు మీద పడ్డాను. అతను మా అత్త అన్నగారి కొడుకే. టీ కొట్టు దగ్గర నలుగురిలో దొరికాడు.

"ఏటి తమ్ముడూ, రోజూ అంబలి ఏళకే పోతాదేటి కరెంటు? నీకు ఆకలైతే ఊరంతటికీ కట్టేత్తన్నావా?"

ధనరాజు గ్లాసు కింద పెట్టాడు. "లైను బాగానే ఉందక్కా. ఆడలేక మద్దెలోడని, మా లైను మీద పడతావేటి?"

"నేను ఆడలేనా? రేపు అదే ఏళకి మా ఇంటికి రా. నీ కళ్లతో నువ్వే సూసుకో."

మర్నాడు అన్నమాట ప్రకారం వచ్చాడు. ముందు గదిలో స్టూలు వేసుకుని నా పక్కనే కూర్చున్నాడు. నేను కొడుతున్నాను. వేళయింది. యూపీఎస్ కీచుమంది, తెర నల్లబడింది. "సూసావా!" అని నేను లేచేలోపు రోడ్డవతల టీ కొట్టు నుంచి టేపురికార్డరు పాట నిక్షేపంగా వినబడుతోంది. ధనరాజు చెవి అటు పెట్టి, నా మొహం చూసి, పెరట్లోకి నడిచాడు. వెనకే నేను.

వెనక వసారాలో, గోడకి ఎత్తుగా మెయిన్ స్విచ్ ఇనప పెట్టె ఉంటుంది. దాని కింద మా అత్త నిలబడి ఉంది. చేతిలో పనసకాయలు కోసే దోటి. దోటి కొక్కెం ఇంకా స్విచ్ పిడికే తగులుకుని ఉంది. పక్కన గట్టు మీద అంబలి కుండ. బేబి గట్టు మీదే కూర్చుని కాళ్లు ఊపుతోంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

"నానమ్మ రోజూ దింపుతాది" అంది బేబి. "నువ్వు నన్ను అడగలేదు కదా."

నా నోటికి ఎంతొస్తే అంత అన్నాను. ఏటత్తా ఇది, నీ కోడలి పొట్ట నువ్వే కొడతావా, ఎన్ని ఊళ్లు పోయాయో తెలుసా, నా కంపెనీ మూయించాలనుందా అని. ధనరాజు "అక్కా, అక్కా" అంటూనే ఉన్నాడు. మా అత్త దోటిని నెమ్మదిగా గోడకి చేరేసింది.

"అయిపోయిందా?" అంది. "ఇప్పుడు నాను అడుగుతాను, సెప్పు. అంబలి అట్టుకుని నీ గుమ్మంలో నిలబడ్డానా లేదా?"

నిలబడేది. రోజూ వచ్చి, తెర పక్కన, నెత్తి మీద కుండతో నిలబడేది. పిలిచేది కాదు. మా ఊళ్లో పద్ధతి అది. పొలానికి అంబలి తెచ్చిన మనిషి దున్నేవాణ్ని కేకెయ్యదు. గట్టెక్కి కుండతో నిలబడుతుంది. చూసినవాడు నాగటి సాలు ఎక్కడున్నా అక్కడే ఆపి, ఎద్దుల్ని విప్పాలి. కుండ మోసే మనిషిని నిలబెట్టి ఇంకో సాలు దున్నడం తప్పు. మా నాన్న అయితే సగం సాల్లో నాగలి వదిలేసి వచ్చేవాడు. అదంతా నాకు తెలియనిది కాదు. కానీ కంప్యూటరు ముందు కూర్చున్నదాన్ని, నాగలి పట్టినవాడికీ నాకూ సంబంధం ఏమిటనుకున్నాను.

"నిలబడ్డావు. వస్తానని సెప్పేను కదా."

"ఏటని సెప్పేవు? 'ఈ ఊరయ్యాక వస్తానత్తా' అన్నావు. రోజూ అదే మాట. ఆ ఊరవదు, నువ్వు రావు. పొద్దున్న తాగిన టీ నీళ్లు, అంతే, మళ్లీ సీకటి పడ్డాకే. నాను మీ మావకి కూడా ఇలగే నిలబడ్డానే."

మా మామగారు పోతురాజు గారు పొలంలో పోయారని మాత్రమే నాకు చెప్పారు. మా ఆయన అప్పటికి హాస్టల్లో చదువుకుంటున్నారట. అంతకు మించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు, నేనూ అడగలేదు.

"జొరం తగిలి లెగిసినోడు. వద్దన్నా ఇన్లేదు, వానలొచ్చేత్తన్నాయని కొండ మీద మడి దున్నడానికెళ్లాడు. నాను అంబలి అట్టుకెళ్లి గట్టు మీద నిలబడ్డాను. సెయ్యెత్తి, 'ఈ సాలయ్యాక వత్తాను' అన్నాడు. నిలబడ్డాను. సాలు మద్దిలో ఎద్దులు ఆగిపోయాయి. ఆయన పడిపోయాడు, మళ్లీ లెగలేదు." గోడకి చేరేసిన దోటి వైపు చూసింది. "కేకేసుంటే వచ్చేవోడేమో. వెళ్లి కాడి లాగేసుంటే వచ్చేవోడేమో. పద్దతి కాదని నిలబడ్డాను. ఇంక నాను నిలబడలేనే గుంటా. నీ ఎద్దుల్ని ఎలగ ఇప్పాలో నాకు తెల్దు. ఆ పిడి దింపితే నువ్వు బయటికొత్తన్నావు. అందుకే దింపాను."

ధనరాజు తల దించుకున్నాడు. అతనికి తెలుసన్నమాట.

నాకు ఏడుపొచ్చింది. తప్పయిందని చెప్పడం మాత్రం ఈ నోటికి అలవాటు లేదు. కుండ దగ్గరికి వెళ్లి, నాకు నేనే ముంతలో పోసుకుని, అక్కడే నిలబడి తాగేశాను. మూతి తుడుచుకున్నాక అన్నాను.

"రేపటి నుంచి దోటి ముట్టుకోవద్దు అత్తా. నువ్వు గుమ్మంలో నిలబడు. నేను ఫైలు మూసి లేస్తాను. మూస్తే ఏదీ పాడవ్వదు."

"లెగకపోతే?"

"లెగకపోతే దింపేయ్. ధనరాజే సాక్షి."

ఆ తరవాత రోజులు బాగా గడిచాయని చెప్పాలి. ఆవిడ వచ్చి నిలబడేది, నేను ఫైలు మూసేదాన్ని. ఒక్క ఊరూ పోలేదు. బేబికి రెండు జడలు వేసే తీరిక కూడా దొరికింది. శనివారం మా ఆయన వచ్చి, నా ముక్కు కొంచెం చల్లబడిందన్నారు. ఆయనకి నేనేమీ చెప్పలేదు. చెప్పాల్సింది వాళ్లమ్మ, నేను కాదు.

కానీ పోయిన ఊళ్లు మళ్లీ కొట్టడానికి పట్టిన రోజులు ఎక్కడి నుంచి వస్తాయి? సంత ముందు రోజు మధ్యాహ్నానికి చివరి ఊరు ఇంకా మిగిలే ఉంది. వరహాలరావు గారు జీపులో వచ్చేశారు. కార్డులు అప్పటికప్పుడు తీసుకుపోవాలన్నారు. నా వెనకే నిలబడి, మెడ మీద ఊపిరి తగిలేంత దగ్గరగా వంగి, కంప్యూటరు తెర మీద పేర్లు చదువుతున్నారు.

"ఇంకెన్ని తల్లీ? బేగి కానియ్. జీపు అవతలి ఊళ్లకి కూడా పోవాలి."

"అయిపోతోందండీ, ఇదే ఆఖరి ఊరు."

చీర తెర కదిలింది. మా అత్త. నెత్తి మీద కుండ.

నేను తల తిప్పకుండానే అన్నాను. "ఈ ఊరయ్యాక వస్తానత్తా."

నోరు దాటిన తరవాత ఆ మాట నాకే వినబడింది. వేళ్లు ఆగిపోయాయి. ఆవిడ దోటి కోసం వెనక్కి వెళ్తుందనుకున్నాను. వెళ్లలేదు. పెద్దమనిషి ముందు నా పరువు తియ్యడం ఇష్టం లేకనో ఏమో, అలాగే నిలబడి ఉంది. నా వైపు చూడటం లేదు, నేల వైపు చూస్తోంది. ఆ రోజు పొలం గట్టు మీద కూడా ఇలాగే నిలబడి ఉంటుంది అనిపించింది.

ఫైలు మూశాను. కంప్యూటరు ఆపి లేచాను.

"అదేటి, లెగిసిపోయావేటి?" అన్నారు వరహాలరావు గారు. "పదో పదిహేనో పేర్లు. నాను ఇలగే ఒట్టి సేతుల్తో ఎళ్తే సంఘంలో ఏటంతారో తెలుసా? పని ఇంకెవరికో పోతాది."

"పోతే పోనీండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. కంపెనీ పోవచ్చని తెలుసు. అయినా అడుగు గుమ్మం వైపే పడింది. "అంబలొచ్చింది."

ఆయన అప్పుడు చూశారు మా అత్తని. కుండనీ చూశారు. ఆయనదీ డుంబ్రిగుడ పక్కన కొండ ఊరే, చిన్నప్పుడు నాగలి పట్టిన చెయ్యే. బయటికెళ్లి, జీపు డ్రైవరుతో ఇంజను ఆపమన్నారు. తిరిగొచ్చి, జోళ్లు విప్పి, గుమ్మం పక్కన గోడకి చేరగిలబడి కూర్చున్నారు.

"నాకూ ఒక ముంత పొయ్యమ్మా" అన్నారు మా అత్తతో. "సాలు ఎక్కడికి పోతాది."

కుండ దించడానికి నేను చేతులు చాపాను. ఆవిడ వెంటనే ఇవ్వలేదు. కుండ నెత్తి మీదే ఉంచుకుని నన్ను పైనుంచి కింది దాకా చూసింది, ఎక్కడికో పోయి తిరిగొచ్చిన మనిషిని చూసినట్టు.

"లెగిసేవే" అంది.

అంతే అంది. ఆవిడ కళ్లు నిండాయి. కుండ నా చేతుల్లో పెట్టి, మొదటిసారి నాకన్నా ముందు తనే కూర్చుంది. ఆ రోజు అంబలి నేను పోశాను, మొదట ఆవిడకే.